మూడువందల పదిహేడో దిష్టిబొమ్మ

ఆ ఏడాది ఆషాఢం నాటికి నా షెడ్డులో ఉన్న సరుకు ఇది: కట్టే ఇళ్ళకి వేలాడదీసే దిష్టిబొమ్మలు నూట ఎనభై, చేలల్లో పాతేవి అరవై, రాజకీయ పార్టీలు తగలబెట్టుకునేవి రెండువందల ఇరవై. మొదటి రెండు రకాలూ నిదానంగా పోతాయి. నా ఆశంతా మూడో రకం మీద. ఇల్లు కట్టేవాడు బొమ్మని ఒక్కసారి కొంటాడు. రైతు రెండేళ్ళకోసారి కొంటాడు. పార్టీవాడు కొన్న రోజే తగలబెట్టి మర్నాడు మళ్ళీ వస్తాడు.

అలాంటిది ఆ వేసవిలో రెండు పెద్ద పార్టీలూ పొత్తు పెట్టుకున్నాయి. నెలకి నాలుగుసార్లు ఒకరి నాయకుణ్ణి ఒకరు కూడలిలో కాల్చుకున్నవాళ్ళు ఒకే పూలదండలో తలలు దూర్చి ఫొటో దిగారు. ప్రజాస్వామ్యానికి మంచి రోజులొచ్చాయని అందరూ అన్నారు. నేనూ అన్నాను, అమ్ముడుపోని గడ్డి మనుషుల మధ్య కూర్చుని.

నా దగ్గర బొమ్మలు చేసేది పైడితల్లి. వెదురు చీల్చడం, గడ్డి కూరడం, కుండకి మూతి గీయడం అన్నీ ఆవిడే. చేతిలో పని ముగిశాక ప్రతి బొమ్మకీ ఎడమ బుగ్గ మీద ఆముదంతో పట్టిన కాటుక చుక్క పెడుతుంది. చుక్క పెట్టంది గుమ్మం దాటనివ్వదు. కొత్తలో నేను అడిగాను.

"దిష్టి తీసే బొమ్మకి మళ్ళీ దిష్టిచుక్క ఏమిటమ్మా?"

"ఊరోళ్ళ దిష్టంతా ఇది లాక్కుంటాది గదా బాబూ. మరి దీనికి తగిలిన దిష్టి ఎవరు తీస్తారు?" అంది.

చుక్కకి అయ్యే కాటుక ఎంతో లెక్క చూసుకుని, పోనీలే అని ఊరుకున్నాను. ఆ చుక్క ఒక మనిషి ప్రాణం మీదికి తెస్తుందని అప్పటికి తెలియదు.

ఆ మనిషి పేరు దాలినాయుడు. మా ఊరికి మూడు కోసుల దూరంలో రాళ్ళమెట్ట సైనిక శిబిరం ఉంది. అక్కడ స్టోర్సు చూసే హవల్దారు. వంటశాల వెనక వంగతోటలోకి ఏడాదికో బొమ్మ నా దగ్గరే కొంటాడు. మనిషి నెమ్మది. నల్లగా, నిండుగా, ఎడమ బుగ్గ మీద మిరియపు గింజంత పుట్టుమచ్చతో ఉంటాడు. ఇరవై నాలుగేళ్ళ సర్వీసు అయింది. కార్తీకం ఆఖరికి రిటైరవుతాడు. వాళ్ళావిడ గౌరమ్మ అప్పటికే మా ఊరి బస్టాండు ఎదురుగా కొట్టు చూసి, 'రిటైర్డు హవల్దారు టిఫిన్ సెంటరు' అని బోర్డు రాయించేసింది.

"రిటైర్డు అని రాయించేసిందండీ. ఇంకా అవలేదే అంటే, రంగు ఆరేసరికి అయిపోతావులే అంటోంది," అని నవ్వేవాడు.

ఒకరోజు దాలినాయుడు జీపులో వచ్చాడు. వంగతోటకి జీపు వేసుకుని ఎవరూ రారు. నేను లేచి నిలబడ్డాను.

"లింగం గారూ, ఐదువందల బొమ్మలు కావాలి."

"తోట అంత పెద్దదైందా నాయుడూ?"

"తోటకి కాదండి. సైన్యానికి."

అతను మంచం మీద కూర్చుని చెప్పిన కథ ఇది. సైన్యాన్ని ఆధునికం చెయ్యడానికి ప్రభుత్వం వారు శిబిరంలో 'ఆధునిక యుద్ధ పాఠాల పరిశోధన మండలి' పెట్టారు. ఎక్కడో సముద్రాల అవతల జరుగుతున్న యుద్ధం నుంచి పాఠాలు తీసి మన సైన్యానికి నేర్పడం దాని పని. మండలికి అధ్యక్షుడు బ్రిగేడియర్ పురుషోత్తం గారు. పరిశోధన చేసేది డాక్టర్ శేషతల్పం గారు. ఆయన ఎనిమిది నెలలపాటు గది తలుపులు వేసుకుని ఆ యుద్ధాన్ని ఫోనులో చూశారు. ఆఖరికి ఒక పాఠం తీశారు. అక్కడ ఒక పక్షంవాళ్ళు గాలి ఊదిన రబ్బరు ఫిరంగిని పొలంలో పెట్టారట. రెండో పక్షంవాళ్ళు నిజమనుకుని దాని మీద కోట్ల ఖరీదు చేసే క్షిపణి వదిలారట. కాబట్టి ఆధునిక యుద్ధంలో నిజమైన ఆయుధం కంటే ఉత్తుత్తిది లాభసాటి.

ఈ మాట వినగానే డాక్టరు గారి మీద నాకు గౌరవం కలిగింది. వ్యాపారం తెలిసిన మనిషి అనుకున్నాను.

నివేదిక సిద్ధమై ఒక్క మాట దగ్గర ఆగిపోయింది. నివేదికల్లో పరాయి మాట ఒక్కటున్నా తిప్పి పంపాలని అప్పుడే కొత్త ఉత్తర్వు వచ్చింది. శత్రువుని మోసగించడానికి నిలబెట్టే ఉత్తుత్తి సైనికుణ్ణి తెలుగులో ఏమనాలి? ఉపసంఘం మూడు నెలలు కూర్చుంది. ఒకరు 'శత్రువంచక కృత్రిమ కాయము' అన్నారు. ఇంకొకరు 'మృషాభట ప్రతిరూపము' అన్నారు. రెండు పేర్లకీ సమానంగా ఓట్లు పడ్డాయి. ఆ సమయంలో టీ గ్లాసులు తీస్తున్న దాలినాయుడు, "దిష్టిబొమ్మ అంటారండి," అన్నాడు. అడగనిదే మాట్లాడినందుకు అతనికి ఒక మెమో ఇచ్చారు. మాట మాత్రం తీసుకున్నారు.

మాట కుదిరాక వస్తువు ఎక్కడ దొరుకుతుందో వెతకనక్కర్లేకపోయింది. దిష్టిబొమ్మలు అమ్మేవాణ్ణి ఆ జిల్లాలో నేనొక్కణ్ణే.

పార్టీల కోసం చేసిన రెండువందల ఇరవైకీ నాయకుల పంచెలు విప్పి సైనికుల దుస్తులు తొడిగించాను. మిగిలినవి పైడితల్లి, ఇంకో ఆరుగురు కలిసి నెలరోజుల్లో చేశారు. ఐదువందలో బొమ్మ దగ్గరికి వచ్చేసరికి పైడితల్లి అన్నానికి వెళ్ళింది. లారీ ఇంజను ఆన్ చేసి ఉంది. ఆవిడ వచ్చేదాకా ఆగడం నష్టమని, నేనే బొగ్గు ముక్క నీళ్ళలో అరగదీసి ఆ ఒక్కదానికీ చుక్క పెట్టి ఎక్కించేశాను. ఈ సంగతి మనసులో పెట్టుకోండి. నేను ఆవిడకి చెప్పలేదు.

మొదటి పరీక్షకి నన్నూ పిలిచారు. మైదానంలో ఒక వైపు శిబిరంలోని నూట పన్నెండు మంది సైనికులు, రెండో వైపు నా బొమ్మల్లో నూట పన్నెండు. బ్రిగేడియర్ గారు ఎత్తయిన మనిషి, మాట్లాడేటప్పుడు గడ్డం ఇంకొంచెం ఎత్తుతారు. శేషతల్పం గారు పొట్టి, చేతిలో ఎప్పుడూ పట్టిక ఉంటుంది. నాలుగు గంటలు ఎండలో నిలబెట్టి మార్కులు వేశారు. సైనికులు దగ్గారు, చెమట తుడుచుకున్నారు, ఇద్దరు పడిపోయారు. బొమ్మలు కదల్లేదు.

"సైనికులకు అరవై ఒకటి, దిష్టిబొమ్మలకు తొంభై ఆరు," అని చదివారు డాక్టరు గారు. "ఆ నాలుగు మార్కులూ ఒకదాని నెత్తిన కాకి వాలినందుకు తగ్గించాం. అది దాని తప్పు కాకపోయినా పరిశోధనలో పక్షపాతం ఉండకూడదు."

"క్రమశిక్షణ అంటే ఇది," అన్నారు బ్రిగేడియర్ గారు. "సెలవు అడగదు. జీతం పెంచమనదు. ఎదురు చెప్పదు. లింగం గారూ, ఇలాంటి సైనికుణ్ణి తయారుచెయ్యడానికి మాకు ఇరవయ్యేళ్ళు పడుతుంది. మీకెంత పడుతుంది?"

"గడ్డి పొడిగా ఉంటే గంటన్నరండి."

ఆయన డాక్టరు గారి వైపు చూశారు. డాక్టరు గారు రాసుకున్నారు.

అక్కణ్ణుంచి పాఠం దానంతటదే ముందుకి నడిచింది. ఆకాశం నుంచి చూసే శత్రువుకి, ఈ ఐదువందల మందీ తిండి తినడం లేదని తెలిసిపోతే ఎలా? అందుచేత ఆరువందల పన్నెండు మందికి వంట చెయ్యమన్నారు. మిగిలిన అన్నం దాలినాయుడు లారీలో ఎక్కించి చుట్టుపక్కల ఊళ్ళలో పంచేవాడు. ఆ రెండు నెలలూ మా వైపు పశువులు బాగా ఒళ్ళు చేశాయి. తర్వాత మనుషులకీ బొమ్మలకీ కలిపి వరస నంబర్లు వేశారు. పదోన్నతి లేని సైన్యం సహజంగా కనిపించదని కొన్ని బొమ్మలకి పట్టీలు కుట్టించారు. ఇరవై మూడో నంబరు బొమ్మకి నాయక్ హోదా వచ్చింది. దానికంటే పదేళ్ళు ముందు చేరిన ఒక సైనికుడు ఇదేం అన్యాయమని అర్జీ పెట్టుకుంటే, దాని రికార్డులో ఒక్క మచ్చ లేదని జవాబిచ్చారు.

మూడో మెట్టులో మండలి అసలైన విషయం కనిపెట్టింది. ఏది బొమ్మో తెలిసినవాడు దాని పక్కనుంచి వెళ్ళేటప్పుడు వేరేగా నడుస్తాడు. శత్రువు ఆ నడక చూసి పసిగట్టవచ్చు. కాబట్టి ఏది బొమ్మో, ఎవడు మనిషో మనవాళ్ళకి కూడా తెలియకూడదు. ఏ నంబరు ఎవరిదో రాసిన జాబితాని డాక్టరు గారు స్వయంగా కాల్చేశారు. బొమ్మలు మనుషుల్లా ఎలాగూ కదలలేవు గనక, పొద్దు పొడిచినప్పటి నుంచి పొద్దు గూకేదాకా మనుషులే బొమ్మల్లా నిలబడాలని ఉత్తర్వు వేశారు. దీనికి 'ఆధునికీకరణ రెండో దశ' అని పేరు.

"ఎలా ఉంది నాయుడూ రెండో దశ?" అని అడిగాను, తర్వాత సరుకు రిపేరుకి వెళ్ళినప్పుడు.

దాలినాయుడు పెదవులు కదపకుండా, "నా పక్కనున్నవాడికి మూడు రోజులబట్టి కబుర్లు చెబుతున్నానండి. ఈ పొద్దున్నే తెలిసింది, మీ సరుకని," అన్నాడు.

"కోపం వచ్చిందా?"

"లేదండి. బాగా వింటాడు."

ఆశ్వయుజంలో రాజధాని నుంచి ఒక కాగితం వచ్చింది. సైన్యాన్ని ఆధునికం చెయ్యడంలో రాళ్ళమెట్ట మిగిలిన శిబిరాలకి ఆదర్శంగా ఉందని, మనుషులెందరో దిష్టిబొమ్మలెన్నో వేరువేరుగా లెక్క పంపితే పతకం ఇస్తామని. జాబితా చూస్తే లేదు, కాల్చేశారు. మండలి మళ్ళీ కూర్చుంది. నన్ను పిలిపించారు.

ఇక్కడే నేను తప్పు చేశాను. దాచను.

"మీ సరుకుని మీరు గుర్తుపట్టగలరా?" అని అడిగారు బ్రిగేడియర్ గారు.

"చీకట్లో కూడా గుర్తుపడతానండి."

"ఎలా?"

ఊరుకుంటే పోయేది. నా సరుకుకి గుర్తు ఉందని నలుగురి ముందు చెప్పుకోవడం వ్యాపారికి ముద్దు. పైడితల్లి చుక్క గురించి చెప్పాను. ఎడమ బుగ్గ మీద నల్లటి చుక్క ఉంటే నా బొమ్మ, లేకపోతే మనిషి. డాక్టరు గారు లేచి నా చెయ్యి కుదిపారు.

"మా పరిశోధన ఎనిమిది నెలల్లో సాధించలేనిది మీరు ఒక్క వాక్యంలో సాధించారు," అన్నారు.

ఆ మర్నాడు తెల్లవారకముందు పెద్ద వాన. వాన తగ్గాక ఒక గుమాస్తా అట్టకి బిగించిన కాగితాలతో వరసల వెంట నడిచాడు. రెండో దశ అమల్లో ఉంది గనక ఎవరూ కదల్లేదు. చుక్క ఉన్నదానికి ఎడమ వైపు గీత, లేనిదానికి కుడి వైపు గీత. మూడువందల పదిహేను, మూడువందల పదహారు. తర్వాత దాలినాయుడు.

"అది పుట్టుమచ్చండి," అన్నాడు దాలినాయుడు.

గుమాస్తా ఉలిక్కిపడి నాలుగడుగులు వెనక్కి వేశాడు. కాసేపు ఆలోచించి, మూడువందల పదిహేడో నంబరు ఎదురుగా రిమార్కుల గడిలో, 'మాట్లాడు సదుపాయము కలదు' అని రాశాడు.

దాలినాయుడు బొమ్మల్లో ఎలా కలిసిపోయాడో, నేను బొగ్గునీళ్ళతో చుక్క పెట్టిన ఆ ఐదువందలో బొమ్మ మనుషుల్లో అలా కలిసిపోయింది. వానకి దాని బుగ్గ తేటగా కడిగేసి ఉంది. గుమాస్తా దానికి కుడి వైపు గీత గీశాడు. సాయంత్రం కూడికలు వేశారు. బొమ్మలు ఐదువందలు. మనుషులు నూట పన్నెండు. ఒక్కటి ఎక్కువ కాదు, తక్కువ కాదు. ఆఫీసులో లెక్క సరిపోయిన తర్వాత దాన్ని కదిలించడం బండరాయిని కదిలించినంత పని. తప్పు లెక్కని సరిదిద్దవచ్చు. సరిపోయిన లెక్కని ఎవరు సరిదిద్దుతారు?

మూడో రోజు గేటు దగ్గర దాలినాయుణ్ణి ఆపారు. బయటికి వెళ్ళే సామగ్రికి గేటుపాసు కావాలన్నారు. అతను డాక్టరు గారి దగ్గరికి వెళ్ళాడు. విషయం తెలిసి నేనూ వెళ్ళాను.

"డాక్టరు గారూ, ఈయన దాలినాయుడు. మీకు రోజూ టీ ఇస్తాడు," అన్నాను.

"నాకు తెలియదా?" అన్నారాయన, ఎంతో దయగా. "వ్యక్తిగతంగా ఈయన మనిషేనని నేను నమ్ముతున్నాను. కానీ ఈయన్ని మనుషుల్లో చేరిస్తే నూట పదమూడవుతారు. ఆ నూట పదమూడోవాడు ఎక్కణ్ణుంచి వచ్చాడు అంటారు. జీతాల పుస్తకంలో నూట పన్నెండే ఉన్నారు."

"జీతాల పుస్తకంలో ఉన్నది నేనే కదండీ," అన్నాడు దాలినాయుడు.

"పుస్తకంలో హవల్దారు దాలినాయుడు ఉన్నాడు. ఆయన మనుషుల వరసలో లెక్కకి వచ్చాడు కూడా. నిన్నే చూశాను, చివరి వరసలో నిలబడ్డాడు. చక్కగా ఉన్నాడు."

"కార్తీకం ఆఖరికి నా రిటైర్మెంటు సార్."

"ఆయన రిటైర్మెంటు. వీడ్కోలు సభకి నువ్వూ రావచ్చు."

వైద్యుడి దగ్గర్నుంచి సర్టిఫికెట్ తెస్తే చూద్దామన్నారు. శిబిరం వైద్యుడు నాడి పట్టుకుని చూశాడు, గుండె విన్నాడు. అంతా విని, దిష్టిబొమ్మలకి సర్టిఫికెట్ ఇచ్చే అధికారం తనకి లేదని, పశువైద్యుణ్ణి అడిగి చూడమని చెప్పాడు.

కార్తీకం ఆఖరున వీడ్కోలు సభ జరిగింది. వేదిక మీద కుర్చీలో నా ఐదువందలో బొమ్మ. మెడలో బంతిపూల దండ, భుజాన శాలువా, వెదురు మణికట్టుకి కొత్త గడియారం. దాలినాయుణ్ణి మూడో వరసలో, మూడువందల పదహారుకీ మూడువందల పద్దెనిమిదికీ మధ్య నిలబెట్టారు.

"హవల్దారు దాలినాయుడు ఇరవై నాలుగేళ్ళలో ఒక్కసారి కూడా ఎదురు మాట్లాడి ఎరగడు," అన్నారు బ్రిగేడియర్ గారు. "ఈ రోజు కూడా చూడండి, ఎంత నిగ్రహంగా కూర్చున్నాడో."

జనం చప్పట్లు కొట్టారు. దాలినాయుడు కూడా కొట్టబోయాడు. పక్కనున్న సైనికుడు మెల్లిగా, "కదలకు అన్నా, మళ్ళీ మెమో ఇస్తారు," అన్నాడు. సభ అయ్యాక బొమ్మని జీపు ముందు సీట్లో కూర్చోబెట్టి మా ఊరు తీసుకెళ్ళి, గౌరమ్మకి అప్పగించి, సంతకం తీసుకున్నారు.

గౌరమ్మ తిన్నగా నా షెడ్డుకి వచ్చింది. ఆవిడ గొంతు పెద్దది. ఆ రోజు మాత్రం మెల్లిగా మాట్లాడింది.

"ఇరవై నాలుగేళ్ళు వాళ్ళకిచ్చాను అన్నా. తిరిగి గడ్డి పంపేరు. మా ఆయన ఎక్కడ?"

"శిబిరంలో ఉన్నాడమ్మా."

"ఎందుకున్నాడు?"

ఎందుకున్నాడో మొత్తం చెప్పాను. చుక్క సంగతి నేనే చెప్పానన్నది కూడా చెప్పాను. ఆవిడ నన్ను తిట్టలేదు. తిడితే సరిపోయేది.

"చెప్పినోడివి నువ్వే. తెచ్చేది కూడా నువ్వే," అని వెళ్ళిపోయింది.

అప్పటినుంచి నేను ఆ పనిలోనే ఉన్నాను. అర్జీలు పెట్టాను. ప్రతి అర్జీకీ సరుకు నాణ్యతపై ఫిర్యాదుగా నమోదు చేసుకున్నామని జవాబు వచ్చేది. ఇంతలో సముద్రాల అవతల యుద్ధం ఇంకో మలుపు తిరిగింది. అక్కడ ఇప్పుడు ఒంటి వేడిని పట్టే కెమెరాలు వచ్చాయట. గడ్డి మనిషి అందులో చల్లగా కనిపిస్తాడట. డాక్టరు గారు మళ్ళీ తలుపులు వేసుకుని పది రోజుల్లో కొత్త పాఠం తీశారు: ఆధునిక సైనికుడికి ఒళ్ళు వెచ్చగా ఉండాలి. కాబట్టి ఐదువందల దిష్టిబొమ్మలూ పనికిరానివని తీర్మానించారు.

"నా ఒళ్ళు వెచ్చగానే ఉంది సార్," అన్నాడు దాలినాయుడు.

డాక్టరు గారు అతని నుదురు తాకి చూశారు. "ఎండలో నిలబెట్టారు కదా, మరి వేడెక్కదా?" అన్నారు. పట్టికలో అలాగే రాశారు.

పనికిరాని సామగ్రిని ఏం చెయ్యాలో నియమావళిలో ఉంది. గడ్డి, వెదురు, గుడ్డతో చేసిన వస్తువుల్ని అధికారుల సమక్షంలో కాల్చివెయ్యాలి. శనివారం పది గంటలకి ముహూర్తం పెట్టారు. కబురు అందేసరికి గురువారం సాయంత్రమైంది. శుక్రవారం పొద్దున్నే బ్రిగేడియర్ గారి ముందు నిలబడ్డాను.

"మనిషిని కాలుస్తారా సార్?"

"మేమెందుకు కాలుస్తామయ్యా? మాకేమైనా పిచ్చా?" అన్నారాయన నొచ్చుకుని. "కాల్చేది దిష్టిబొమ్మల్ని. ఐదువందలు. లెక్క ప్రకారం."

మనిషి గురించి మాట్లాడితే ఈ గదిలో పని జరగదని అప్పుడు తెలిసింది. ముప్ఫయ్యేళ్ళుగా చేస్తున్న వ్యాపారం గురించి మాట్లాడదామనుకున్నాను.

"కాల్చండి సార్. కానీ ఒక్క మాట. దిష్టిబొమ్మ దహనం అంటే ఏమిటో తమకి తెలుసు కదా?"

"ఏమిటి?"

"నిరసన సార్. ఎవరు చేసినా అంతే. నేను అమ్మిన ప్రతి బొమ్మా ఎవరో ఒకరు ప్రభుత్వానికి వ్యతిరేకంగానే కాల్చారు. రేపు తమరు ఒకటి కాదు, ఐదువందలు కాలుస్తున్నారు. మీ నివేదికలోనే దిష్టిబొమ్మ అని రాసి ఉంది. 'సైనికాధికారుల ఆధ్వర్యంలో దిష్టిబొమ్మల దహనం' అని ఆదివారం పేపర్లో వస్తుంది. ప్రభుత్వోద్యోగులు నిరసనలో పాల్గొనకూడదని రూలు ఉందనుకుంటాను."

గడ్డం మొదటిసారి కిందికి దిగింది. ఆయన డాక్టరు గారిని పిలిపించారు. డాక్టరు గారు నియమావళి తిరగేశారు.

"ఈ పదం పెట్టకుండా ఉండాల్సింది," అన్నారు డాక్టరు గారు. "మృషాభట ప్రతిరూపము అని ఉంటే నిరభ్యంతరంగా కాల్చుకునేవాళ్ళం."

"ఇప్పుడు మార్చలేమా?"

"ఉపసంఘం మూడు నెలలు కూర్చోవాలి సార్."

"తూకానికి వేలం వెయ్యండి సార్," అన్నాను. "నిరసన ఉండదు. స్థలం ఖాళీ అవుతుంది."

శనివారం పది గంటలకి మంటకి బదులు కాటా తెచ్చి పెట్టారు. యాభయ్యేసి బొమ్మల చొప్పున పది లాట్లు. వేలానికి నేను కాక వచ్చినవాడు పాత సామాన్ల ధర్మారావు ఒక్కడే. కాగితం మిల్లుకి గడ్డి తోలుతుంటాడు, చూపు చురుకు. ఆరు లాట్లు తలా మూడు పంచుకున్నాం. ఒక్కో లాటు నాలుగువందల యాభై కిలోలు తూగింది. ఏడో లాటు ఐదువందల పన్నెండు తూగింది.

ధర్మారావు ముల్లు దగ్గరికి వంగి చూశాడు.

"ఇదేటి లింగం, ఈ లాటు అరవై కిలోలు ఎక్కువుంది? లోపల ఇనుముందేటి?"

మూడువందల పదిహేడో నంబరు కాటా మీద పక్కకి వాలి, కళ్ళు తెరిచి, ఆకాశం వైపు చూస్తోంది. చెమట కారుతోంది.

"ఇనుమేంటి ధర్మం? వానకి తడిసింది. నీళ్ళు పట్టిన గడ్డి. చూడు, ఆ చివరిది ఇంకా కారుతూనే ఉంది."

ధర్మారావు చూశాడు. నిజంగానే కారుతోంది.

"నీళ్ళకి డబ్బు పెట్టను నేను," అని వెనక్కి తగ్గాడు. తడిసిన సరుకున్న చోట మిగిలిన లాట్లు కూడా తడిసే ఉంటాయని అనుమానం వచ్చి, తను కొన్న మూడూ నాకే ఇచ్చేసి వెళ్ళిపోయాడు. ఆ రోజు నేను చేసిన బేరాల్లో ఇదొక్కటే నిజంగా లాభసాటిదని ఇప్పటికీ అనుకుంటాను.

గేటు దగ్గర పాసు రాయించుకున్నాను. 'పనికిరాని దిష్టిబొమ్మలు ఐదువందలు. తిరిగి ఇవ్వనక్కర్లేదు.' కాపలావాడు లారీలు ఎక్కి లెక్కపెట్టాడు. మూడువందల పదిహేడు దగ్గరికి వచ్చేసరికి ఆగాడు. ఇద్దరూ పదేళ్ళు ఒకే కంచంలో తిన్నవాళ్ళు. కాపలావాడు నిటారుగా నిలబడి సెల్యూట్ చేసి, దిగి, గేటు ఎత్తాడు. మలుపు తిరిగేదాకా దాలినాయుడు కదల్లేదు. తిరిగాక తుమ్మాడు. అలా పదకొండుసార్లు. గడ్డి నూగు పొద్దుటి నుంచి ముక్కులో ఉందట.

ఇప్పుడు నా దగ్గర మిగిలిన లెక్క చెబుతాను. ఆ వారంలోనే రెండు పార్టీల పొత్తూ విరిగింది. సైనికుల దుస్తులు విప్పి పంచెలు కట్టించాను. మళ్ళీ వ్యాపారం నెలకి నాలుగు మంటలకి వచ్చింది. రాళ్ళమెట్టకి పతకం వచ్చింది. బ్రిగేడియర్ గారికి పదోన్నతి వచ్చింది. డాక్టరు గారు ఒళ్ళు వెచ్చగా ఉండే సైనికుణ్ణి తయారుచెయ్యడం మీద కొత్త పరిశోధన మొదలుపెట్టారు. పడుకున్న గేదెలకి దుప్పట్లు కప్పి పరీక్షిస్తున్నారని విన్నాను.

గౌరమ్మ కొట్టు తెరిచింది. రిటైరైన బొమ్మని కొట్టు ముందు వేలాడదీసింది, శాలువాతో సహా. పైడితల్లి దాన్ని చూసి, ఇది నా చేతి బొమ్మే, బుగ్గ ఖాళీగా ఉందేమని నిలేసింది. నేను బొగ్గునీళ్ళ సంగతి ఒప్పుకున్నాను. ఆవిడ అక్కడికక్కడే కాటుక తెప్పించి చుక్క పెట్టింది, నన్ను చూస్తూ. పింఛను నెలనెలా దాలినాయుడి పేరునే పడుతోంది. బతికే ఉన్నట్టు ఏడాదికోసారి బ్యాంకులో కనిపించాలి గనక, ఎవరు వెళ్ళాలని మొగుడూ పెళ్ళాలు కొంచెం ఆలోచించారు. ఆఖరికి దాలినాయుడే వెళ్ళాడు. పింఛను పుస్తకంలో అంటించిన వీడ్కోలు సభ ఫొటోలో బుగ్గ మీద మచ్చ లేదని బ్యాంకు గుమాస్తా మొదటిసారి తిప్పి పంపాడు. రెండోసారి దాలినాయుడు పౌడరు దట్టంగా రాసుకుని వెళ్ళాడు.

వేలం రసీదు ప్రకారం అతను నా సొత్తు. ఆ రసీదు అతనికే ఇచ్చేశాను. ఫ్రేము కట్టించి గోడకి తగిలించాడు. నేను టిఫినుకి వెళ్ళినప్పుడల్లా, "యజమాని వచ్చాడు, చట్నీ ఎక్కువ వెయ్యి," అని గౌరమ్మతో అంటాడు. ఆవిడ వెయ్యదు. నేను చేసిన నష్టం ఇంకా తీరలేదని ఆవిడ లెక్క.

సైన్యానికి పంపిన దిష్టిబొమ్మలు ఐదువందలు. తిరిగి తెచ్చుకున్నవి ఐదువందలు. లెక్క సరిపోయింది. అందులో ఒకటి మాత్రం పొద్దున్నే లేచి ఇడ్లీ వేస్తుంది.